ఊటీలో జగ్గయ్యపేట దర్శనం

ఊటీ వెళ్ళి ఊటీని చూసేవాళ్ళంత వెర్రిబాగులవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరైనా ఉంటారా?

మీరే ఆలోచించండి! కొండ ఎక్కడికి పోతుంది? నిన్న ఉంది, రేపూ ఉంటుంది. దాన్నెవడూ ఎత్తుకుపోడు. మనం అటు తిరిగేలోగా అందులోంచి గుప్పెడు జీడిపప్పు మాయం కాదు. చూడకపోయినా నష్టం లేనిదాన్ని చూడ్డానికి అంత డీజిలు తగలేసుకుని వెళ్ళి, మళ్ళీ దాన్నే నోరు తెరుచుకుని చూడటమా? అదే కొట్టయితే! ఒక్క నిమిషం చూపు తప్పిందా, ఇక అంతే సంగతులు.

ఈ జ్ఞానం అందరికీ అబ్బదు. జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే భావనారాయణగారికి అబ్బింది. ఆయన సకుటుంబంగా కారేసుకుని ఊటీ వెళ్ళారు. వెళ్ళి, అక్కడున్నంత సేపూ జగ్గయ్యపేటనే చూశారు. ఎలాగంటారా? ఫోన్లో! కొట్టులో మూలమూలకీ సీసీ కెమెరాలు బిగించి, ఆ కళ్ళన్నిటినీ తెచ్చి ఫోన్లో కుప్పపోసే యాప్ ఒకటుంది కదా, అందులో. దాన్ని కనిపెట్టినవాడెవడోగాని వాడి తల్లి కడుపు చల్లగా ఉండాలి! అది సంసారాలను నిలబెట్టే యంత్రం. నమ్మకం కుదరకపోతే, భావనారాయణగారి భార్య కనకవల్లి పక్కన కాస్త సర్దుకుని మీరూ ఆ కారెక్కండి.

పెళ్ళయిన నాటి నుంచీ కనకవల్లికి ఒకటే కోరిక. నగ కాదు, పట్టుచీర కాదు. ఏదైనా ఒక మంచి చోట మొగుడూ తనూ పక్కపక్కన నిలబడి, ఇద్దరూ ఒకే వైపు చూడాలి. చూసి ఆయన "బాగుందే కనకం" అనాలి. అంతే! గుళ్ళో ఈ కోరిక తీరలేదు. గుళ్ళో ఆయన కళ్ళు మూసుకుంటారు. పెళ్ళిళ్ళలో తీరలేదు. అక్కడ ఆయన మగపెళ్ళివారి మధ్య చేరి మిర్చి ధరలు మాట్లాడతారు. ఇంట్లో తీరాలంటే, ఇంట్లో ఆయన ఉంటేగా!

అందుకే కొడుకు భార్గవ "అందరం ఊటీ వెళ్దాం" అన్నప్పుడు ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. భావనారాయణగారు మాత్రం కస్సుమన్నారు.

"మరి కొట్టెవడు చూస్తాడ్రా? మీ తాతా?"

తాత పోయి చాలా కాలమైంది కాబట్టి, భార్గవ ఆ ఉద్యోగానికి కెమెరాలను పెట్టాడు. "ఇందులో చూసుకోండి నాన్నా. మీరు కొట్లో కూర్చున్నట్టే ఉంటుంది," అన్నాడు. అదేం నోరోగాని, అన్నది అన్నట్టు జరిగింది.

ముందు కారులో భార్గవ, కోడలు వాగ్దేవి, పెద్దవాళ్ళిద్దరూ బయల్దేరారు. నందిగామలో కూతురు నీరజ, అల్లుడు రాజ్‌కిరణ్ పిల్లలతో సహా రెండో కారులో కలిశారు. అల్లుడు మర్యాదగా దిగొచ్చి "బాగున్నారా మావయ్యగారూ" అని అద్దం దగ్గర వంగాడు. భావనారాయణగారు ఫోను మీద మైకు గుర్తు నొక్కిపట్టుకుని, "బెల్లం మీద గోనె కప్పరా, ఈగలు!" అన్నారు. అల్లుడు బిత్తరపోయాడు. ఆ మాట అల్లుడికి కాదు, కొట్లో ఉన్న గుమస్తా అచ్చయ్యకి.

అక్కడ జగ్గయ్యపేటలో ఆ మాట పైకప్పుకున్న కెమెరాలోంచి ఊడిపడింది. అచ్చయ్య ఉలిక్కిపడి రెండు చేతులూ పైకెత్తి, "అలాగేనండి షావుకారుగారండీ!" అన్నాడట. సరుక్కొచ్చిన చిల్లకల్లు ఆసామి ఎందుకైనా మంచిదని తనూ ఒక దణ్ణం పడేశాడట. చూశారా? భక్తిలేని రోజుల్లో మనుషుల చేత ఆకాశానికి దణ్ణం పెట్టించగల వస్తువు ఇంకేదైనా ఉందా!

బెజవాడ వారధి కింద కృష్ణ నిండుగా పారుతోంది. "ఏమండీ, నీళ్ళు చూడండి," అంది కనకవల్లి. "ఊఁ... కాటా పళ్ళెం తుడవలేదు వెధవ," అన్నారు ఆయన. తిరుపతి దగ్గర కొండ కనబడితే ఆవిడ చెంపలేసుకుంది. ఆయన కూడా దణ్ణం పెట్టారండోయ్, పాపం అనకూడదు, రెండు అరచేతుల మధ్యా ఫోను పెట్టుకుని మరీ పెట్టారు. ఇక మేట్టుపాళయం దాటాక కొండమలుపుల్లో అందరికీ కడుపులో తిప్పింది. పిల్లలు కవర్లు పట్టుకున్నారు. ఆయనకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. ఆయన జగ్గయ్యపేట మెయిన్ రోడ్డు మీద చల్లగా కూర్చుని ఉన్నారుగా! ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్ళు వాంతుల మాత్రలు కొనడం దండగ. ఒక కిరాణా కొట్టు పెట్టుకుంటే చాలు.

ఊటీలో వ్యూపాయింట్లు ఎక్కడున్నాయని జనం గైడును అడుగుతారు. భావనారాయణగారికి ఆ ఖర్మ లేదు. ఫోన్లో గీతలు ఎక్కడ నిండుగా పడితే అదే ఆయన వ్యూపాయింటు. అలా ఆ కుటుంబం ఒక పెట్రోలు బంకునూ, ఒక సెల్ టవరు గోడనూ, పబ్లిక్ మరుగుదొడ్ల వెనకభాగాన్నీ తీరిగ్గా దర్శించుకుంది. లోయలూ జలపాతాలూ ఉన్న చోట కారు ఆగితే ఒట్టు. సిగ్నల్ లేని అందం అందమా?

ఒక్కచోట మాత్రం కనకవల్లి పట్టుబట్టింది. తేయాకు తోటల మధ్య మలుపు అది. మబ్బు పైనుంచి కాకుండా లోయలోంచి, మొక్కల వరసలను తడుముకుంటూ పైకి వస్తోంది. "ఆపరా భార్గవా, ఆపు!" అని ఆవిడ చంటిపిల్లలా దిగి పరుగెత్తింది. అంచు దగ్గర నిలబడి వెనక్కి చేయి ఊపింది.

"ఏమండీ! ఒక్కసారి దిగండి. మబ్బు మన కాళ్ళ కింద నించి వస్తోంది, ఒక్కసారి చూడండీ!"

"ఇక్కడ సిగ్నల్ లేదే. తిరుగుతూనే ఉంది గుండ్రంగా. పద, పద, ఎక్కు!"

మబ్బు కారు దాకా వచ్చింది, అద్దంలోంచి ఆయన్ను చూసింది, తన దారిన తను పోయింది. కనకవల్లికి ఏడుపొచ్చింది. అన్నేళ్ళు దాచుకున్న కోరిక అంత దగ్గరకొచ్చి పోతే రాదా మరి! కాకపోతే మంచులో మొహం ఎలాగూ తడుస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. హిల్‌స్టేషన్లలో ఇదొక సౌకర్యం.

ఇక బోణీ సంగతి చెప్పుకోవాలి. కొట్టులో మొదటి బేరం తాలూకు నోటును షావుకారు కళ్ళకద్దుకోవడం ఆ ఇంటి ఆచారం. ఊటీ వచ్చినంత మాత్రాన ఆచారం మానేస్తామా? రోజూ పొద్దున్న అందరూ తయారై కార్లో కూర్చుంటారు. ఇంజను ఆన్‌లో ఉంటుంది. కాని జగ్గయ్యపేటలో బోణీ అయ్యేదాకా ఊటీలో చక్రం కదలదు. మొదట వచ్చినవాడు స్కాన్ చేసి డబ్బులు పంపితే అది బోణీ కిందకి రాదు. నోటు చేతికి రావాలి. నోటిచ్చే మహానుభావుడు వచ్చేదాకా ఊటీ ఆగాలి. చివరికి అచ్చయ్య నోటును కెమెరాకు ఎత్తిపట్టి చూపిస్తే, భావనారాయణగారు ఫోనును ఆ కంటికీ ఈ కంటికీ అద్దుకుంటారు. ఈ లోపల కొండరైలు కూతపెట్టి వెళ్ళిపోయింది. పిల్లలు గొల్లుమన్నారు. "రైలుదేముందిరా, మన రాయనపాడు స్టేషన్లో బోలెడు రైళ్ళు," అన్నారు తాతగారు.

సాయంత్రం ఇంకో ముచ్చట. బొటానికల్ గార్డెన్లో అందరూ పూలు చూస్తుంటే, కొట్లో దీపం పెట్టే వేళయింది. ఆయన పచ్చికలో చెప్పులు విడిచి, ఫోనును బెంచీ మీద నిలబెట్టి, చేతులు జోడించి నిలబడ్డారు. తెరలో అచ్చయ్య హారతి తిప్పాడు. అటుగా పోతున్న తమిళ దంపతులు ఆగి, తామూ వంగి దణ్ణం పెట్టుకుని, ఏ స్వామి అని భార్గవను సైగలతో అడిగారు. భార్గవ తల దించుకుని "కులదైవం" అన్నాడు. వాడు అబద్ధమేమీ ఆడలేదు.

ఆ సాయంత్రం లాడ్జిలో చీరలు మడతపెడుతూ వాగ్దేవి నవ్వులాటకి ఒక మాట అంది. ఆడవాళ్ళందరికీ ఒక గది, మగవాళ్ళందరికీ ఒక గది తీసుకున్నారు కాబట్టి అక్కడ ఆ మాట అనుకునే స్వేచ్ఛ ఉంది.

"మీరెళ్ళి మన కొట్లో కూర్చోండి అత్తయ్యా. మావయ్యగారు రోజంతా మిమ్మల్నే చూస్తారు."

నీరజ పకపకా నవ్వింది. కనకవల్లి నవ్వలేదు. చేతిలో ఉన్న చీర పూర్తిగా మడతపెట్టి, తన సంచి కోసం చూసింది.

"ఏ బండికి వెళ్తే తొందరగా చేరతానే?" అంది.

"అయ్యో, తమాషాకన్నా అత్తయ్యా! మీరు గల్లా దగ్గర కూర్చోవడమేంటి? మావయ్యగారు ఒప్పుకుంటారా? ఆడది గల్లా ఎక్కితే లక్ష్మి దిగిపోతుందంటారుగా!"

"లక్ష్మి మాత్రం మగాడా?" అంది కనకవల్లి.

మర్నాడు మధ్యాహ్నం రాజ్‌కిరణ్, నీరజ ఆవిడను కారులో కోయంబత్తూరు దించి రైలెక్కించడానికి సిద్ధమయ్యారు. ఇందులో దొంగతనమేమీ లేదు సుమండీ! ఇల్లాలు మొగుడికి చెప్పకుండా గడప దాటుతుందా? సంచి భుజాన వేసుకుని వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, నేను వెళ్ళొస్తా."

"ఊఁ, వెళ్ళిరా. వచ్చేటప్పుడు నా ఛార్జర్ పట్రా."

ఆవిడ ఇంకాసేపు నిలబడింది. ఎక్కడికీ అని అడుగుతారేమోనని. ఆయన అడగలేదు. అక్కడ అచ్చయ్య ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఎవరితోనో అర్థం కావట్లేదు, అది చూడాలి కదా! దారంతా నీరజ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "ఒక్కదానివే ఎలా వెళ్తావమ్మా?" అంటే, "నాకేం భయమే? రైల్లో కనీసం పక్కవాళ్ళు ఎక్కడ దిగుతారని అడుగుతారు," అంది తల్లి.

ఆ తరువాత లాడ్జిలో ఏమైందో వాగ్దేవి అత్తగారికి ఫోన్ చేసి చెప్పింది. ఏమీ కాలేదట! వేళకి ఆయన చేయి చాపితే కోడలు బీపీ మాత్ర పెట్టింది. "కనకం, నీళ్ళు," అంటే నీళ్ళిచ్చింది. "చూశావా కనకం, ఆ అచ్చయ్య మళ్ళీ టీకి పోయాడు," అంటే "అవునండీ" అంది. ఇల్లాలు లేని లోటు ఎక్కడా కనబడలేదట. మరి ఇంతటి మనశ్శాంతి ఏ స్వాములారు ఇవ్వగలరండీ? భార్య ఉన్నా లేకపోయినా చలించని స్థితి! దానికోసం పూర్వం మునులు అడవులకు పోయి ఒళ్ళు ఎండగట్టుకునేవారు.

కనకవల్లి బెజవాడలో రైలు దిగి, బస్సెక్కి, నందిగామ మీదుగా ఇల్లు చేరి, ఆ పూట హాయిగా పడుకుంది. మర్నాడు పొద్దున్నే తలంటుకుని కొట్టుకు వెళ్ళింది. షట్టర్లు లేపుతున్న అచ్చయ్య ఆవిడను చూసి కొయ్యబారిపోయాడు.

"అమ్మగారూ! మీరేంటండీ ఇక్కడ? ఊటీలో ఉన్నారుగా!"

"అక్కడ పొద్దస్తమానం పేటనే చూపిస్తున్నారు అచ్చయ్యా. అదేదో దగ్గర్నించే చూద్దామని వచ్చేశా."

గల్లాపెట్టెకు దణ్ణం పెట్టి, కుర్చీ తుడుచుకుని ఆవిడ కూర్చుంది. కాపరానికొచ్చాక ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అచ్చయ్య పరుగున అడ్డం వచ్చాడు. "వద్దమ్మగారూ, షావుకారుగారు పైనించి చూస్తారండీ!" అన్నాడు. "చూడనీ. అందుకేగా కూర్చుంది," అందావిడ.

మొదటి బేరం టిఫిన్ సెంటర్ గ్రేసీది. మినపగుళ్ళకు వచ్చింది. "ఏంటి కనకమ్మగారూ, ఇయ్యాళ గల్లా మీద మీరున్నారు?" అని బుగ్గ మీద వేలేసుకుంది. కనకవల్లి రెండు గుళ్ళు నోట్లో వేసుకుని కొరికి, "ఇవి పాతవి, పిండి పొంగదు. లోపలి బస్తాలోవి తియ్యి అచ్చయ్యా," అంది. గ్రేసీ సంతోషంగా నోటు తీసి చేతిలో పెట్టింది. కనకవల్లి ఆ నోటును కళ్ళకద్దుకుంది. సరిగ్గా అప్పుడు పైకప్పు అరిచింది.

"ఒరేయ్ అచ్చయ్యా! గల్లా దగ్గర ఆ ఆడమనిషి ఎవర్రా? ఎవర్ని కూర్చోబెట్టావురా! లేపు, ముందు లేపు!"

అచ్చయ్య చేతులు పైకి లేచాయి. గ్రేసీ సంచి పట్టుకుని అలాగే పైకి చూస్తూ ఉండిపోయింది. ఇంతలో పైనుంచే కోడలి గొంతు సన్నగా వినబడింది.

"మావయ్యగారూ, అత్తయ్యండీ అది."

"ఏ అత్తయ్య?"

"మా అత్తయ్యండీ. మీ ఆవిడ."

"అదేంటి? వెనక కార్లో ఉందిగా!"

"లేరండీ. మొన్ననే వెళ్ళిపోయారు. మీకు చెప్పే వెళ్ళారు."

పైకప్పులోంచి గరగరమని చప్పుడు మాత్రం వచ్చింది. కనకవల్లికి కోపమూ, సిగ్గూ, ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అయినా లేవలేదు. కొంగు సర్దుకుని, తలెత్తి, మూలన ఉన్న ఆ చిన్న గాజు కంటిలోకి సూటిగా చూసింది.

"ఏమండీ, కనబడుతున్నానా?"

"ఆఁ... కనబడుతున్నావు."

"సరిగ్గా కనబడుతున్నానా?"

మళ్ళీ గరగర. తరువాత ఆయన గొంతు, అరుపు లేకుండా, నిజంగానే ఆశ్చర్యపోతున్నట్టు వచ్చింది.

"జుట్టంతా అలా నెరిసిపోయిందేంటే కనకం! ఎప్పుడు?"

"కెమెరా మంచిదేనండీ," అంది కనకవల్లి. "మన భార్గవ మంచిదే కొన్నాడు."

గ్రేసీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అచ్చయ్య లోపలి బస్తాల చాటుకు పోయాడు.

ఇప్పుడు చెప్పండి! ఒకే కప్పు కింద ఉండి, ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని, ఒకే కార్లో ఊటీ దాకా వెళ్ళినా కనబడని ఇల్లాలు, ఇన్ని కొండల అవతలి నుంచి వెంట్రుకతో సహా కనబడిందంటే ఆ యాప్ మహిమ కాదా? కాబట్టి ఆడవాళ్ళకు మనవి. మొగుడి పక్కన కూర్చుని "నా వంక చూడరు" అని సాధించకండి. పక్కనున్నవాళ్ళు ఏ యాప్‌లోనూ రారు. పోయి కెమెరా కింద కూర్చోండి.

ఆ రోజంతా భావనారాయణగారు బస్తాలను చూడలేదు. బెల్లాన్ని చూడలేదు. మిగతా కెమెరాలన్నీ మూసేసి గల్లా కెమెరా ఒక్కటే పెద్దది చేసుకున్నారు. "కాఫీ తాగావా కనకం?" అన్నారు. "ఫ్యాన్ అటు తిప్పుకో," అన్నారు. ఊళ్ళో ఈ సంగతి పాకి, పైకప్పు మాట్లాడుతుంటే వినడానికి జనం పప్పుకీ ఉప్పుకీ వంక పెట్టుకుని వచ్చారు. బేరాలు ఊపందుకున్నాయి. లక్ష్మి ఎక్కడికీ దిగిపోలేదు. చందర్లపాడు నుంచి చిల్లరకొట్టు కిషోర్‌బాబు వచ్చి చింతపండు బుట్టల దగ్గర బైఠాయించాడు. పిక్క ఉందని అతను, లేదని ఆవిడ. ధర తగ్గించమని అతను, కుదరదని ఆవిడ. మనిషి లేచి వెళ్ళిపోయేట్టున్నాడు, కూర్చునేట్టున్నాడు. అది బేరంలో ప్రాణం ఉన్న చోటు. అక్కడ రెప్ప వేయకూడదు.

అప్పుడు పైనుంచి మాట వచ్చింది. ఏదో గాలి చప్పుడు కూడా వచ్చింది, కారు దిగి బయట నిలబడ్డట్టు.

"కనకం! ఇక్కడ లోయంతా ఎండ పడిందే. అబ్బ, ఎంత బాగుందే కనకం!"

కిషోర్‌బాబు తలెత్తాడు. అచ్చయ్య తలెత్తాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా తలలెత్తారు.

"కనకం, నిన్నేనే. బాగుందంటున్నా. ఒక్కసారి ఇటు చూడవే!"

"ఉండండి," అంది కనకవల్లి, కాటా మీద నుంచి చూపు తిప్పకుండా. "బేరంలో ఉన్నా."